చలికాలం కారు వదిలి ఊరెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అక్టోబర్ దాటిందంటే మాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకటే అడుగుతాయి: సంక్రాంతికి ఊరెళ్తున్నాం, టికెట్లు తీసేసుకున్నాం, మరి కారు సంగతేంటి? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. దాదాపు అన్నీ అమెరికా, కెనడాల్లో మంచు కురిసే ఊళ్ల నుంచి వచ్చినవే, ఒక్కటి మాత్రం విజయవాడ నుంచి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒక్కరి ఉత్తరమే వేశాను.

ప్రశ్న: అన్నా, మేం డిసెంబర్ రెండో వారంలో బయల్దేరి ఫిబ్రవరి మొదట్లో తిరిగొస్తాం. కారు అపార్ట్‌మెంట్ బయట ఓపెన్ పార్కింగ్‌లో ఉంటుంది. ఫ్రెండ్‌కి తాళం ఇచ్చి ప్రతి ఆదివారం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమని చెప్దామనుకుంటున్నాం. సరిపోతుందా? (ఈడెన్ ప్రెయిరీ, మిన్నెసోటా)

ఆ పని మాత్రం వద్దు తమ్ముడూ. మనవాళ్లు చాలామంది చేసేది ఇదే, నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం ఏడు వారాలు ఊళ్లో ఉండి, ఫిబ్రవరిలో రాత్రి పదకొండింటికి ఇద్దరు పిల్లలతో తిరిగొచ్చాను. బయట మైనస్ 20 డిగ్రీలు. నా స్నేహితుడు మాట తప్పకుండా ప్రతి ఆదివారం వచ్చి పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి వెళ్లాడు, అయినా తాళం తిప్పితే కనీసం టక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. మర్నాడు హుడ్ (బానెట్) ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బిపోయి ఉన్నాయి, లోపలంతా గడ్డకట్టేసింది.

ఎందుకలా అవుతుందంటే, చలిలో ఇంజన్ తిరగడానికి బ్యాటరీ నుంచి చాలా కరెంటు లాగుతుంది. ఆయిల్ చిక్కబడి ఉంటుంది కాబట్టి మామూలు కంటే ఎక్కువే లాగుతుంది, బ్యాటరీకేమో సున్నా ఫారెన్‌హీట్ (మైనస్ 18 సెల్సియస్) చలిలో శక్తి సగానికి పైగా తగ్గిపోయి ఉంటుంది. ఆ ఖర్చయింది తిరిగి ఎక్కాలంటే కారు రోడ్డు మీద అరగంటైనా పరిగెత్తాలి. నిలబెట్టి పది నిమిషాలు ఆన్ చేసి, అందులోనూ హీటరు, వెనకద్దం డీఫ్రాస్టు, లైట్లు అన్నీ వేసుకుని కూర్చుంటే, స్టార్ట్ చేసిన ప్రతిసారీ బ్యాటరీ ఇంకొంచెం కిందికే దిగుతుంది. ఇది ఒక నష్టం. రెండోది, పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. కారు బాగా తిరిగితే ఆ వేడికి అది బయటికి పోతుంది, పది నిమిషాల్లో సైలెన్సర్ గొట్టం అంత వేడెక్కదు, ఆ నీళ్లు గొట్టంలోనే నిలిచి తుప్పు పట్టిస్తాయి, కొంత ఇంజన్ ఆయిల్‌లోనూ కలుస్తుంది. కాబట్టి స్నేహితుడికి చెప్పేదేదో అరగంట నడిపి పెట్టమని చెప్పండి, లేదంటే అసలు ముట్టుకోవద్దని చెప్పండి.

మీ విషయంలో అరగంట నడపమనడమే మేలు. ఓపెన్ పార్కింగ్ అన్నారు కాబట్టి మంచు ఎత్తే బండి వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్ వాళ్లు నోటీసు పెడతారు, కారు తీయకపోతే టో చేసేస్తారు, అంటే వేరే బండికి తగిలించి లాక్కెళ్లిపోతారు. ఎలాగూ ఆయన వచ్చి తీయాలి కదా, ఆ రోజే హైవే మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి పెట్టమనండి. మంచు పడకపోయినా రెండు వారాలకోసారి ఇలా చేస్తే చాలు. కారు కదిలించే ముందు సైలెన్సర్ చివర మంచుతో మూసుకుపోలేదని చూడమని తప్పకుండా చెప్పండి, అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చేస్తుంది, దానికి వాసన ఉండదు. ఆయన మీ కారు నడుపుతున్నట్టు మీ ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

బ్యాటరీ గురించి ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే చలికాలం ఆపిన కారులో ముందు చచ్చేది అదే. కారు ఆపి తాళం వేసినా లోపల అలారం, కంప్యూటరు, కీ సిగ్నల్ అందుకునే పరికరం నిద్రపోవు. మామూలుగా ఇవన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీయాంపియర్లు వాడుకుంటాయి. 50 అనుకుంటే రోజుకు 1.2 యాంపియర్ అవర్లు, అంటే 60 యాంపియర్ అవర్ల బ్యాటరీ 50 రోజుల్లో పూర్తిగా ఖాళీ, అంతకు చాలా ముందే స్టార్ట్ అవడం మానేస్తుంది. అసలు ప్రమాదం ఆ తర్వాతే ఉంది. నిండుగా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 సెల్సియస్‌లో కూడా గడ్డకట్టదు, పూర్తిగా దిగిపోయింది మాత్రం మైనస్ 10 దగ్గర్లోనే గడ్డకడుతుంది. 2019 జనవరి చివర్లో మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్ పడింది, సెల్సియస్‌లో మైనస్ 33. అంత చలికి కూడా నిండు బ్యాటరీకి ఏమీ కాదు. నన్ను దెబ్బతీసింది చలి అనుకున్నాను, ఖాళీ బ్యాటరీ అని తర్వాత తెలిసింది.

అందుకని బయల్దేరే వారం ముందు బ్యాటరీ టెస్ట్ చేయించండి. విడిభాగాల షాపుల్లో చాలా చోట్ల ఉచితంగానే చేస్తారు. కారు కొన్ని గంటలు ఆపి ఉంచాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. నాలుగైదేళ్లు దాటినదైతే కొత్తది వేసుకునే వెళ్లండి, తిరిగొచ్చాక ఎలాగూ కొనేదే.

ప్రశ్న: మాకు సొంత గరాజ్ ఉందండీ, రెండు కార్లూ లోపలే. పోయిన ఏడాది వచ్చేసరికి ఒక కారు ఏసీ ఆన్ చేస్తే భరించలేని వాసన, చూస్తే ఫిల్టర్‌లో ఎలుకల గూడు. వైర్లు కూడా కొరికేశాయి. కలరా ఉండలు వేయమంటున్నారు కొందరు. (నోవై, మిషిగన్)

కలరా ఉండలు కారు లోపల వేయకండమ్మా. ఆ వాసన సీటు బట్టకు పట్టిందంటే నెలల తరబడి పోదు, చిన్నపిల్లలు పీల్చడానికి అసలు మంచిది కాదు. ఎలుకలు దానికి భయపడి పోతాయని నమ్మకంగా చెప్పలేం కూడా.

చిట్టెలుకకు వేలు పట్టేంత సందు చాలు. నవంబర్‌లో బయట చలి మొదలవగానే అది వెచ్చటి చోటు, మెత్తటి గుడ్డ, తిండి వెతుక్కుంటుంది, మన కార్లో మూడూ దొరుకుతాయి. పిల్లల కార్ సీటు విప్పి తిరగేసి దులపండి, జంతికల ముక్కలు, మరమరాలు, బిస్కెట్ పొడి ఎంత రాలుతుందో మీకే తెలుస్తుంది. వాక్యూమ్ పట్టి, డిక్కీలో బియ్యం బస్తా తెచ్చినప్పుడు ఒలికిన గింజలు కూడా తీసేయండి. టిష్యూ డబ్బా, పాత దుప్పట్లు ఉంచకండి, గూడు కట్టేది వాటితోనే. గరాజ్‌లోనే పక్కన పక్షుల గింజల సంచో కుక్క తిండో ఉంటే ముందు దాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలోకి మార్చండి, అది అక్కడున్నంత కాలం కారును ఎంత తుడిచినా లాభం లేదు.

తర్వాత దారులు మూయడం. సైలెన్సర్ గొట్టంలోకి, హుడ్ కింద ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం మూతిలోకి స్టీలు పీచు, అంటే గిన్నెలు తోమే పీచు లాంటిదే, గట్టిగా కుక్కండి. ఏసీ మీటను బయటి గాలి కాకుండా లోపలి గాలే తిరిగే వైపు పెట్టి కారు ఆపితే ఫిల్టర్ దారి కూడా చాలా కార్లలో మూసుకుంటుంది. చక్రాల దగ్గర, గోడ వారగా ఎలుకల బోన్లు పెట్టి, పక్కింటివాళ్లను వారానికోసారి చూసి తీయమనండి. విషం పెట్టకండి, తిన్నది పోయి ఏ డాష్‌బోర్డు వెనకో చస్తే ఆ వాసన తీయించడానికి సగం కారు విప్పాలి.

పీచు కుక్కిన సంగతి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్‌కు కట్టండి. తిరిగొచ్చిన రోజు జెట్‌లాగ్‌లో గుర్తుండదు, తీయకుండా స్టార్ట్ చేస్తే ఇంజన్ ఆడదు, ఆ పీచు లోపలికి లాగిందంటే పెద్ద ఖర్చు.

గరాజ్‌లో ప్లగ్ పాయింట్ ఉంది కాబట్టి మీకు బ్యాటరీ టెన్షన్ అక్కర్లేదు, ఒక బ్యాటరీ మెయింటెయినర్ కొని తగిలించి వెళ్లండి. పాతకాలం ట్రికిల్ చార్జర్ వద్దు, అది నిండినా ఆగకుండా ఎక్కిస్తూనే ఉంటుంది, మెయింటెయినర్ నిండగానే ఆగి, తగ్గినప్పుడు మళ్లీ మొదలెడుతుంది. మీ బ్యాటరీ ఏజీఎం రకమైతే (లోపలి ఆమ్లాన్ని గాజు పీచు పీల్చుకుని ఉండే రకం, బ్యాటరీ మీదే రాసి ఉంటుంది) దానికి సరిపడేదేనా అని పెట్టె మీద చూసి తీసుకోండి.

ప్రశ్న: నేను ఒక స్పోర్ట్స్ కారు ఇష్టపడి కొనుక్కున్నాను. దీన్ని మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీదికి తీయదలచుకోలేదు, నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు అద్దె గరాజ్‌లో పెట్టేస్తాను. కరెంటు లేదు అక్కడ. పెట్రోల్ ఖాళీ చేయాలా? టైర్ల కింద జాకీలు పెట్టాలా? (మిస్సిసాగా, ఒంటారియో)

మీది అసలైన చలికాలం నిద్ర, ఐదారు నెలలు. పెట్రోల్ ఖాళీ చేయకండి, నింపండి. ట్యాంకులో ఖాళీ ఎంత ఉంటే అంత గాలి ఉంటుంది, ఆ గాలిలోని తేమ చల్లబడి నీటి బొట్లుగా లోపలికే దిగుతుంది. ఇక్కడ పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది, అది నీళ్లను పీల్చుకుంటుంది, మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున చేరతాయి. మూడు నెలలు దాటి ఆపేవాళ్లు ఫ్యూయల్ స్టెబిలైజర్, అంటే పెట్రోల్ పాడవకుండా కలిపే మందు, వాడాలి. దాన్ని ముందు ట్యాంకులో పోసి, పైనుంచి పెట్రోల్ దాదాపు నిండా కొట్టించి, ఒక పావుగంట ఇరవై నిమిషాలు నడిపాకే పార్క్ చేయండి. చాలామంది పార్క్ చేశాక పోస్తారు, అలాగైతే ఇంజెక్టర్లలో ఉన్నది పాత పెట్రోలే, మందు అక్కడిదాకా చేరదు.

ఇంజన్ ఆయిల్‌ను కారు గరాజ్‌లో పెట్టేముందే మార్చండి, ఏప్రిల్‌లో మారుద్దామని ఆగకండి. వాడిన ఆయిల్‌లో నీరు, ఆమ్లాలు ఉంటాయి, ఐదు నెలలు అవి బేరింగుల మీదే కూర్చుంటాయి. కూలెంట్ సగానికి సగం నీళ్లతో కలిపి ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు, టొరంటో చుట్టుపక్కల అది చాలు. ఎండాకాలం ఎవరైనా ఉత్త నీళ్లు కలిపి టాప్ చేసి ఉంటే మాత్రం ఆ పాళ్లు తప్పుతాయి, ఒకసారి కొలిపించండి. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదని నీళ్లు లేకుండా పోయకండి, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ నీళ్లు కలపకపోతే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. అద్దం తుడిచే నీళ్ల డబ్బాలో కూడా చలికాలం ద్రవమే పోయండి, ఇండియాలో లాగా మంచినీళ్లు పోస్తే డబ్బా పగులుతుంది.

టైర్లు: జాకీల మీద లేపడం ఏడాదికి పైగా ఆపే కార్లకు సరే గానీ మీకు అవసరం లేదు. గాలి మామూలు కంటే నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించండి, టైరు అంచు మీద రాసిన గరిష్ఠం దాటకూడదు. ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ చలికి దాదాపు 1 పీఎస్‌ఐ తగ్గిపోతుంది కాబట్టి అక్టోబర్‌లో సరిగ్గా ఉన్నది జనవరికి నీరసపడి, ఒకే చోట బరువు పడి చదును తేలుతుంది. మీవి సమ్మర్ టైర్లయి ఉంటాయి, బాగా గడ్డకట్టే చలిలో ఆ రబ్బరు పెళుసెక్కుతుంది, ఆ రోజుల్లో కారును కొంచెం ముందుకు జరుపుదామని కూడా కదపొద్దు, పగుళ్లు వస్తాయి.

హ్యాండ్ బ్రేక్ వేయకండి. నెలల తరబడి బిగిసి ఉంటే తుప్పుతో అక్కడే అతుక్కుపోతుంది. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో, మాన్యువల్ అయితే మొదటి గేరులో పెట్టి చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టండి. కరెంటు లేదన్నారు కాబట్టి బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోవడమే. చాలా కార్లకు పది నంబరు స్పానర్ చాలు, నల్ల వైరు ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ డిక్కీలో ఉండి, డిక్కీ బటన్‌తో తెరుచుకునే కారైతే, తీశాక మళ్లీ ఎలా తెరవాలో మాన్యువల్‌లో ముందే చూసుకోండి.

ఆఖరి రోజు కింది భాగంతో సహా కడిగి, పూర్తిగా ఆరేదాకా నడిపి, అప్పుడు లోపల పెట్టండి. పైన కప్పేది గాలాడే బట్ట అయి ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ బయటికి పోలేక రంగు మీదే ఉంటుంది.

ప్రశ్న: వీధిలో పార్క్ చేసి ఆరు వారాలు వెళ్లొచ్చా? మంచు పడితే తీయించడానికి ఫ్రెండ్ ఉన్నాడు. (షికాగో)

మీ వీధి ఏదో చూసుకోండి ముందు. షికాగోలో 107 మైళ్ల మేర ముఖ్యమైన వీధుల్లో డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 వరకు రోజూ తెల్లవారుజామున 3 నుంచి 7 దాకా పార్కింగ్ నిషేధం, మంచు పడినా పడకపోయినా. మంచు పడితేనే కదా అని ఫ్రెండ్ ఊరుకుంటే మీ కారు మొదటి రాత్రే టో యార్డ్‌లో ఉంటుంది. మినియాపొలిస్‌లో పద్ధతి వేరు, అక్కడ స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తే మొదటి రాత్రి ముఖ్యమైన దారులు, రెండో రోజు సరి సంఖ్య ఇళ్ల వైపు, మూడో రోజు బేసి వైపు ఖాళీ చేయాలి, అంటే మూడు రోజుల్లో కారు ఒకటి రెండుసార్లు కదలాల్సిందే. ఆరు వారాలు స్నేహితుడి మీద ఈ భారం వేసే బదులు, వాళ్ల డ్రైవ్‌వేలో చోటు ఉంటే అడగండి, లేదా నెలవారీ అద్దె పార్కింగ్ తీసుకోండి. ఒక్కసారి టో అయితే జరిమానా, రోజువారీ యార్డ్ అద్దె కలిపి అంతకంటే ఎక్కువే అవుతుంది.

ప్రశ్న: మాది టెస్లా. ఎంత చార్జ్‌లో వదలాలి?

ఇంట్లో చార్జర్ ఉంటే తగిలించే ఉంచి, పరిమితి 50 శాతం దగ్గర పెట్టండి. ఎయిర్‌పోర్ట్‌లో తగిలించే వీలు లేకపోతే 70, 80 శాతంతో వదలండి, ఊరికే ఉన్నా రోజుకు ఒక శాతం దాకా తగ్గుతుంది. సెంట్రీ మోడ్ (కెమెరాలతో కారుకు కాపలా కాసేది), ముందుగా క్యాబిన్ వేడి చేసే టైమర్లు ఆపేయండి. ఇక ఊళ్లో కూర్చుని గంటకోసారి ఫోన్లో ఆప్ తెరిచి కారు ఎలా ఉందో చూడకండి, చూసిన ప్రతిసారీ అది నిద్ర లేచి కరెంటు ఖర్చు పెడుతుంది.

ప్రశ్న: మూడు నెలలు కారే నడపం కదా, ఇన్సూరెన్స్ ఆపేస్తే డబ్బు మిగులుతుంది కదండీ? (ఆల్బనీ, న్యూయార్క్)

పూర్తిగా ఆపకండి. నిలబడి ఉన్న కారు మీదా చెట్టు కొమ్మ పడుతుంది, దొంగలు పడతారు, ఎలుకలు కొరుకుతాయి, ఇవన్నీ కాంప్రిహెన్సివ్‌లోకే, అంటే గుద్దుకోవడం కాకుండా మిగతా నష్టాలకు ఇచ్చే కవరేజీలోకే వస్తాయి. న్యూయార్క్‌లో నంబర్ ప్లేట్లు మోటార్ వెహికల్స్ ఆఫీసుకు అప్పగించకుండా లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇన్సూరెన్స్) ఆపడం కుదరదు, అలా చేస్తే రిజిస్ట్రేషన్ మీదికి వస్తుంది. కారు అప్పు మీదో లీజు మీదో ఉంటే బ్యాంకు ఒప్పుకోదు. ఒంటారియో వాళ్లకైతే ఓపీసీఎఫ్ 16 అనే పత్రంతో రోడ్డు మీది కవరేజీ తాత్కాలికంగా ఆపి, వచ్చాక 17తో తిరిగి మొదలుపెట్టే పద్ధతి ఉంది, మీ ఏజెంట్‌ను అడగండి. ఒకటి గుర్తుంచుకోండి, కవరేజీ ఆపిన కారును ఎవరూ వీధి చివరి దాకా కూడా నడపకూడదు.

ప్రశ్న: అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, ఆరు నెలలు. మా కారు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. వాడు ఫోన్లో యాంటీఫ్రీజ్, స్టెబిలైజర్ అని ఏవేవో చెబుతున్నాడు. ఇవన్నీ మాకూ కావాలా? (విజయవాడ)

గడ్డకట్టే భయం మీకు లేదండీ, కంపెనీ చెప్పిన కూలెంట్ ఉంటే చాలు. మిగతావి మాత్రం మీకూ వర్తిస్తాయి. బ్యాటరీ నల్ల వైరు విప్పించండి, ట్యాంకు నింపండి, గాలి కొంచెం ఎక్కువ కొట్టించండి, హ్యాండ్ బ్రేక్ వేయకండి. ఆరు నెలలంటే స్టెబిలైజర్ కూడా మంచిదే, మన దగ్గర పెట్రోల్‌లోనూ ఇథనాల్ కలుపుతున్నారు. మీ అసలు శత్రువులు సెల్లార్‌లో పందికొక్కులు, వర్షాకాలంలో నీళ్లు. మీరు లేని నెలల్లో వానాకాలం వచ్చేట్టయితే, వెళ్లేముందే సెల్లార్ ర్యాంప్ దగ్గర కాకుండా కొంచెం ఎత్తైన చోటు అడిగి కారు పెట్టించుకోండి. తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి రోజూ స్టార్ట్ చేయమనకండి, పైన మిన్నెసోటా తమ్ముడికి చెప్పిన కారణాలే. ఇన్సూరెన్స్ ఆ ఆరు నెలల్లో అయిపోతుందేమో చూసుకోండి, గడువు దాటి 90 రోజులైతే ఇన్నేళ్లు కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఆన్‌లైన్‌లో కట్టడం అబ్బాయికి అప్పజెప్పండి.

ప్రశ్న: తిరిగొచ్చాక మొదటిసారి ఎలా స్టార్ట్ చేయాలి? (విన్నిపెగ్)

వెంటనే తాళం తిప్పకండి. ముందు హుడ్ ఎత్తి గూడు, కొరికిన వైర్లు ఉన్నాయేమో చూడండి, సైలెన్సర్‌లోనూ గాలి గొట్టంలోనూ పెట్టినవి తీయండి, కారు కింద నేల మీద ఏమైనా కారిందా చూడండి. బ్యాటరీ చనిపోయి ఉండి పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే జంప్ స్టార్ట్ చేయొద్దు, చార్జర్ కూడా పెట్టొద్దు, గడ్డకట్టిన బ్యాటరీ పేలే ప్రమాదం ఉంది. విప్పి మార్చడమే. మీ విన్నిపెగ్‌లో దాదాపు ప్రతి కారుకూ బ్లాక్ హీటర్, అంటే ఇంజన్‌ను వెచ్చబెట్టే కరెంటు హీటర్, ఉంటుంది కాబట్టి మూడు నాలుగు గంటల ముందు ప్లగ్‌లో పెట్టమని ఎవరికైనా చెప్పి ఉంచండి, ఇంజన్ సులువుగా అందుకుంటుంది. గరాజ్ అయితే తలుపు పూర్తిగా ఎత్తాకే స్టార్ట్ చేయండి. టైర్ల గాలి సరిచేసుకుని మొదటి పావుగంట నెమ్మదిగా నడపండి. మొదటి నాలుగైదు బ్రేకులకు గరగరమని శబ్దం వస్తుంది, డిస్కుల మీద పట్టిన పలచటి తుప్పు రాలుతోంది అంతే. టైర్లు ధడధడమన్నా వేడెక్కాక తగ్గిపోతుంది. 20, 30 కిలోమీటర్లు తిరిగాక కూడా రెండింట్లో ఏది తగ్గకపోయినా మెకానిక్‌కు చూపించండి.